ట్రక్ క్యాంపర్‌లో కుటుంబంతో మొదటి ప్రయాణం: నెల ముందు నుంచి ఇల్లు చేరేదాకా

పికప్ ట్రక్ తొట్టిలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లే చిన్న ఇల్లే ట్రక్ క్యాంపర్. కారవాన్‌ని వెనకాల కట్టి లాగుతాం, మోటర్‌హోమ్‌లో బండీ ఇల్లూ ఒకటే. ఇది రెండూ కాదు. దీనికి నాలుగు మూలలా నాలుగు జాకీలుంటాయి. వాటి మీద పైకి లేపి, కిందికి ట్రక్కును వెనక్కి పోనిస్తే ఇల్లు ట్రక్కెక్కుతుంది. దించేస్తే ట్రక్ మళ్లీ మామూలు ట్రక్కే. డ్రైవర్ క్యాబిన్ మీదికి ముందుకు పొడుచుకొచ్చిన భాగంలో పెద్ద పడక, లోపల బల్లా బెంచీలు, స్టవ్, సింక్, ఫ్రిజ్, చాలావాటిలో టాయిలెట్ కూడా. నడిచే దారి మాత్రం ఒక మనిషికే.

ఒక మనిషి పట్టే ఆ దారిలో నలుగురు బతకాలి. దానికి తోడు ఇంటి బరువంతా ట్రక్ నడ్డి మీదే. కొత్తవాళ్లు నన్ను అడిగేది ఎక్కడికి వెళ్లాలి, ఏం కొనాలి అని. నేను చెప్పేవి రెండే: బయల్దేరే ముందు బండిని కాటా ఎక్కించండి, ఇంటి ముందే ఒక రాత్రి అందరూ క్యాంపర్‌లో పడుకోండి. మిగతా తయారీ అంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. చేతిలో నెల రోజులుంటే హడావిడి లేకుండా అన్నీ అయిపోతాయి.

నెల ముందు: బరువు లెక్క

డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. పేలోడ్ అంటే అదే. ప్రకటనల్లో అదే మోడల్‌కి ఇంకా పెద్ద అంకె కనిపించవచ్చు. అది హంగులేమీ లేని బేస్ బండికి చెప్పే లెక్క. పెద్ద క్యాబిన్, నాలుగు చక్రాల డ్రైవ్, సన్‌రూఫ్ లాంటివి చేరిన కొద్దీ పేలోడ్ తగ్గుతుంది. మీ బండికి మీ స్టిక్కరే ప్రమాణం.

క్యాంపర్‌కీ ఒక స్టిక్కర్ ఉంటుంది. అక్కడ ఇంకా జాగ్రత్తగా చదవాలి. డ్రై వెయిట్ అంటే నీళ్లూ గ్యాస్ సామానూ లేని ఖాళీ పెట్టె బరువు. ఏసీ, ఆనింగ్ (బయట నీడకి పరిచే గుడ్డ పందిరి), రెండో బ్యాటరీ లాంటివి చాలాసార్లు ఆ లెక్కలోకి రావు. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ట్రక్ పేలోడ్ 1,400 కిలోలు, క్యాంపర్ డ్రై వెయిట్ 950 కిలోలు అనుకోండి. ఇంకా 450 కిలోలు మిగిలాయని సంబరపడతాం. ఇప్పుడు కలుపుతూ పోండి. అదనపు హంగులు 120. నీళ్లు లీటరుకి కిలో కాబట్టి ట్యాంకూ నీళ్ల హీటరూ కలిపి 130. తొమ్మిది కిలోల గ్యాస్ పట్టే సిలిండర్లు నిండుగా రెండు, సిలిండర్ బరువుతో కలిపి 34. రెండు లెడ్-యాసిడ్ బ్యాటరీలు 55. బిగించే కొక్కేలు, గొలుసులు 30. నలుగురు మనుషులు 230. బట్టలు, వంట సామాను, దుప్పట్లు, సైకిళ్లు, కుర్చీలు 120. మొత్తం 1,669 కిలోలు. అంటే హద్దు మీద 269 కిలోలు ఎక్కువ! లెక్క ఇలాగే తడిసి మోపెడవుతుంది.

మా మొదటి క్యాంపర్ విషయంలో మేం అమ్మినవాళ్ల మాట మీద ఆధారపడ్డాం. కాటా మీద చూసుకునేసరికి వాళ్లు చెప్పినదానికి మూడు వందల కిలోల పైనే తేడా వచ్చింది. ఆ రోజు నుంచి కాగితం మీది అంకెను నేను నమ్మడం మానేశాను.

కాబట్టి ప్రయాణానికి ఎలా వెళ్తారో అచ్చం అలాగే, నీళ్లు నింపి, గ్యాస్ నింపి, ఇంటిల్లిపాదీ కూర్చుని లారీలు తూకం వేసుకునే కాటాకి వెళ్లండి. మొత్తం బరువు ఒక్కటే చూస్తే చాలదు. ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అని విడివిడిగా తీసుకోండి. క్యాంపర్ బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. అక్కడ మూడు హద్దులుంటాయి: ఇరుసు ఎంత మోయగలదో తలుపు దగ్గర స్టిక్కర్ మీద, టైర్ ఎంత మోయగలదో టైర్ పక్క గోడ మీద రాసి ఉంటుంది. మూడోది చక్రం రిమ్. టైర్, రిమ్ అంకెలు ఒక్కో చక్రానివి కాబట్టి వాటిని ఆ ఇరుసు మీది చక్రాల సంఖ్యతో గుణించండి. అప్పుడు ఈ మూడింట్లో ఏది తక్కువైతే అదే మీ హద్దు.

కమాన్ పట్టీలు అదనంగా వేయించుకుంటే, లేదా గాలి బెలూన్ల సస్పెన్షన్ పెట్టించుకుంటే సరిపోతుందని చాలామంది అంటారు. బండి వెనక కుంగకుండా ఉంటుంది, ఊగడం తగ్గుతుంది, నిజమే. కానీ ఇరుసు, బ్రేకులు, చట్రం మారలేదు కదా. స్టిక్కర్ మీది అంకె ఒక్క కిలో కూడా పెరగదు. బరువు ఎక్కువైతే ముందు నీళ్లు తగ్గించండి. గమ్యంలో నీళ్లు దొరుకుతాయంటే ట్యాంకు పావు వంతుతో వెళ్లినా చాలు, ఒక్కసారిగా ఎనభై కిలోలదాకా దిగిపోతుంది. అప్పటికీ ఎక్కువుంటే సామాను తీసేయాలి. అదీ చాలకపోతే ఆ ట్రక్కుకి ఆ క్యాంపర్ సరిపడదు. మాట కఠినంగా ఉన్నా, పిల్లల్ని ఎక్కించుకునే బండి విషయంలో ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ పడుతోంది అన్నదీ చూడాలి. క్యాంపర్ పక్కన గరిమనాభిని, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటుని, చూపే గుర్తు ఉంటుంది. క్యాంపర్ కూర్చున్నాక ఆ గుర్తు వెనక ఇరుసుకి కాస్త ముందుకి రావాలి. వెనక్కి పోతే ముందు చక్రాల మీద బరువు తేలిపోయి స్టీరింగ్ తేలికవుతుంది. అది ప్రమాదం.

టైర్ల వయసూ ఇప్పుడే చూడండి. పక్క గోడ మీద డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పైకి అరగకపోయినా ఏళ్లు గడిచిన రబ్బరు బరువు కింద పగులుతుంది. టైర్లలో గాలి ఎప్పుడూ అవి చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి తీయక ముందే కొలవాలి.

మూడు వారాల ముందు: ఎక్కించడం, దించడం, బిగించడం

ఈ పని తొందర లేని రోజున, చదునైన గట్టి నేల మీద, పిల్లల్ని ఇంట్లో ఉంచి నేర్చుకోండి. జాకీల కింద మందపాటి చెక్క పలకలు వేయండి. మట్టి నేలైతే జాకీ పాదం దిగబడుతుంది. నాలుగు జాకీలనీ సమానంగా కొంచెం కొంచెం లేపుతూ పోవాలి. లేపేటప్పుడు ముందు వైపు కాస్త ఎత్తుగా ఉంచుకోవడం మంచిది. జాకీల మీదున్నప్పుడు క్యాంపర్ లోపలికి ఎవరూ వెళ్లకూడదు, కిందికి అసలే దూరకూడదు.

తొట్టి అడుగున ముందుగా మందపాటి రబ్బరు చాప వేయండి. రేకు మీద క్యాంపర్ జారుతుంది, రబ్బరు పట్టి ఉంచుతుంది. తర్వాత ట్రక్కును నెమ్మదిగా వెనక్కి పోనివ్వండి. కష్టమంతా చివరి అర మీటరు దగ్గర. తొట్టి లోపల రెండు వైపులా చక్రాల గూళ్లు లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. అక్కడ క్యాంపర్‌కీ గూటికీ మధ్య ఖాళీ రెండు వేళ్లంత ఉంటే ఎక్కువ. ఒకరు డ్రైవర్ సీట్లో ఉంటే ఇంకొకరు వెనక మూల నిలబడి ఆ ఖాళీనే చూస్తుండాలి. ముందుగా సైగలు అనుకోండి. మాకు కుడి, ఎడమ అన్న మాటలతో ఎప్పుడూ గందరగోళమే: ఎవరి కుడి? అందుకని డ్రైవర్ వైపు, పక్క సీటు వైపు అనుకుంటాం. అరచెయ్యి చూపిస్తే ఆపాలి. సైగ చేసే మనిషి అద్దంలో కనిపించకపోయినా ఆపాలి. ఈ రెండు నియమాల వల్ల మా ఇంట్లో ఎన్ని అరుపులు తగ్గాయో!

క్యాంపర్ కూర్చున్నాక నాలుగు వైపులా కొక్కేలు తగిలించి బిగించాలి. ముందు రెండు, వెనక రెండు. అవి ట్రక్ చట్రానికి పట్టుకునే రకం అయితే మంచిది. తొట్టి రేకుకి తగిలించేవి లాగుడికి రేకును వంచేస్తాయి. ఎంత బిగించాలన్నది కొక్కేలతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. మరీ ఎక్కువ బిగిస్తే క్యాంపర్ చట్రమే చీలవచ్చు. బిగించాక టర్న్‌బకిల్ (తిప్పి బిగించే మర) దానంతట అది వదులవకుండా లాక్ నట్ వేయండి. ఆఖర్న కరెంటు వైరు ప్లగ్గు పెట్టి బ్రేక్ లైట్లు, ఇండికేటర్లు వెలుగుతున్నాయో లేదో వెనక ఒకరిని నిలబెట్టి చూడండి.

కనీసం మూడుసార్లు ఎక్కించి దించండి. కరెంటు జాకీలున్నవాళ్లు బ్యాటరీ అయిపోతే చేత్తో తిప్పే హ్యాండిల్ ఎక్కడుందో, ఎలా తగిలించాలో ఈ రోజే తెలుసుకోవాలి.

ఇప్పుడే ఒక టేపు తీసుకుని ఎత్తు కొలవండి. నేల నుంచి, కప్పు మీద అన్నిటికంటే ఎత్తైన వస్తువు దాకా. సాధారణంగా అది ఏసీ పెట్టెనో, గాలి బిలం మూతో అవుతుంది. గట్టి గోడల క్యాంపర్లు చాలావరకు మూడున్నర మీటర్లకి అటూఇటూ ఉంటాయి. దానికి 10 సెంటీమీటర్లు కలిపి, పెద్ద అంకెలతో రాసి డ్రైవర్ కళ్లెదుట అంటించండి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం డర్హామ్‌లో 11 అడుగుల 8 అంగుళాల ఎత్తులో ఒక రైలు వంతెన ఉండేది. హెచ్చరిక లైట్లు పెట్టినా ఎత్తైన బళ్లు దానికి గుద్దుకుని కప్పులు చీల్చుకుంటూనే ఉండేవి. 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. ఆ తర్వాత కూడా గుద్దుకున్నాయి. తమ బండి ఎత్తు గుర్తులేని డ్రైవర్‌కి వంతెన మీద బోర్డు ఏం సాయం చేస్తుంది?

మనుషుల చోట్లు

నడిచే బండిలో ఎవరూ క్యాంపర్‌లో కూర్చోకూడదు. కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది, అయినా వద్దు. అక్కడి బెంచీలు కూర్చోవడానికి చేసినవే కానీ ప్రమాదాన్ని తట్టుకునేవి కావు. పిల్లలకి వాళ్ల వయసుకి తగ్గ సీట్లు ట్రక్ వెనక వరసలో బిగించాలి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టకూడదు. ట్రక్కుకి వెనక సీట్లు లేకపోతే నలుగురి కుటుంబానికి ఆ బండి కుదరదు.

రాత్రి పడకల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. పై పడక ఇద్దరికి, బల్లను కిందికి దించి బెంచీలతో కలిపితే వచ్చే పడక ఇంకో ఇద్దరికి. అర్ధరాత్రి టాయిలెట్‌కి ఎక్కువగా లేచేదెవరో వాళ్లు కింద. చిన్నపిల్లలు పైన పడుకుంటే అంచున గట్టి వల కట్టండి, ఒట్టి దిండు అడ్డం ఆపదు. పై పడక దగ్గరో కప్పులోనో అత్యవసరంగా బయటపడే కిటికీ ఉంటుంది. దాన్ని పిల్లలచేత తెరిపించండి. ఒకసారి చూపించి వదిలేయకుండా, దీపాలార్పి చీకట్లో చేత్తో తడిమి తెరిచేదాకా చేయించండి. ఏళ్ల తరబడి తెరవని కిటికీ రబ్బరు అతుక్కుపోయి ఉంటుంది. మా పాపకి రాలేదని నేను ప్రయత్నిస్తే నాకూ రాలేదు. రబ్బరుకి సిలికాన్ రాశాక మొదటి లాగుడికే వచ్చింది. ముందే చూసుకున్నాం కాబట్టి సరిపోయింది.

రెండు వారాల ముందు: గ్యాస్, నీళ్లు, బ్యాటరీ

గ్యాస్‌తో మొదలుపెడదాం. సబ్బు నురగ చేసి సిలిండర్ వాల్వు నుంచి స్టవ్ దాకా ప్రతి జాయింటు మీదా పూయండి. బుడగలొస్తే అక్కడ లీకు. వాడకం ఆపి మెకానిక్‌ని పిలవండి. సిలిండర్‌లో ఉండే ప్రొపేన్ గ్యాస్ గాలి కంటే బరువు, కిందికి దిగుతుంది. అందుకే గ్యాస్ అలారం నేలకి దగ్గరగా ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, పొగ అలారం వేరు. మూడూ ఉండాలి, మూడూ మోగాలి. ఈ అలారాలకీ కాలం చెల్లుతుంది. వెనక తిప్పి తేదీ చూడండి, దాటిపోతే మార్చేయండి. తలుపు దగ్గర చెయ్యి చాపితే అందేలా మంట ఆర్పే సిలిండర్ ఉంచండి.

హీటర్, ఫ్రిజ్ పొగ బయటికి వెళ్లే జాలీలలో కందిరీగలు, సాలీళ్లు గూళ్లు పెడతాయి.  టార్చి వేసి చూసి శుభ్రం చేయండి. దారి మూసుకుపోతే మంట సరిగా మండదు, పొగ లోపలికి తన్నుతుంది. చలేస్తోందని స్టవ్ వెలిగించి గది వెచ్చబెట్టడం మాత్రం ఎన్నటికీ వద్దు.

నీళ్ల ట్యాంకు నెలల తరబడి ఖాళీగా ఉండి ఉంటుంది. వాసన లేని మామూలు బ్లీచు ప్రతి 57 లీటర్లకి 60 మిల్లీలీటర్ల లెక్కన నీళ్లలో కలిపి ట్యాంకులో పోయండి. ట్యాంకు నింపి, ప్రతి కొళాయీ, షవరూ బ్లీచు వాసన వచ్చేదాకా తిప్పండి. రాత్రంతా వదిలేసి, తెల్లారాక ఖాళీ చేసి వాసన పోయేదాకా కడగండి. తాగే నీటి గొట్టం వేరుగా పెట్టుకోండి, దాన్ని ఇంకే పనికీ వాడొద్దు. బయటి కొళాయికి తగిలించేటప్పుడు మధ్యలో ప్రెషర్ రెగ్యులేటర్ వేయండి, లేకపోతే లోపలి సన్న పైపులు పగులుతాయి. నీళ్ల హీటర్‌లో నీళ్లు నిండకుండా స్విచ్ వేస్తే కరెంటు కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. వేడి నీళ్ల కొళాయి తిప్పి ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి.

జాగ్రత్తగా వాడితే మనిషికి రోజుకి 10 నుంచి 15 లీటర్లు. నలుగురైతే 110 లీటర్లు రెండు రోజులొస్తాయి. వాడిన నీళ్లన్నీ కింద ఇంకో ట్యాంకులోకి చేరతాయి, అది నిండినా కథ ఆగుతుంది. పిల్లలకి తడుపు, ఆపు, రుద్దు, కడుగు అన్న స్నానం నేర్పండి. అలా చేస్తే ఒకరికి ఐదారు లీటర్లు చాలు.

టాయిలెట్ గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు. ట్యాంకు రకమైతే వాడే ముందు నాలుగైదు లీటర్ల నీళ్లు, టాయిలెట్ ట్యాంకుకి వాడే మందు పోయండి. అడుగు పొడిగా ఉంటే మలం గట్టిపడి అక్కడే పేరుకుపోతుంది. ఖాళీ చేయడానికి నిర్ణయించిన చోటనే, చేతికి గ్లవ్స్ వేసుకుని, మలం ట్యాంకు ముందు, వాడిన నీళ్ల ట్యాంకు తర్వాత. రెండోది మొదటిదాని గొట్టాన్ని కడిగేస్తుంది. మూడింట రెండు వంతులు నిండాక ఖాళీ చేస్తే ధార బలంగా పోతుంది. బయటికి లాగి సూట్‌కేసులా తీసుకెళ్లే క్యాసెట్ రకమైతే పట్టేది 20 లీటర్లలోపే, కుటుంబానికి రోజుకోసారి తప్పదు. ఎవరి వంతో ముందే అనుకోండి.

బ్యాటరీ విషయంలో ఒక్క లెక్క గుర్తుంటే చాలు. 100 యాంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగమే వాడాలి, అంతకు మించి దించితే త్వరగా చచ్చిపోతుంది. అంటే చేతిలో ఉన్నది 50. గది వెచ్చబెట్టే హీటర్ మంట గ్యాస్‌దే అయినా ఫ్యాన్ తిరిగేది బ్యాటరీతో. అది 7 యాంపియర్లు లాగుతూ రాత్రి మొత్తమ్మీద ఐదు గంటలు తిరిగిందంటే 35 పోయింది. దీపాలు, పంపు, ఫోన్ల చార్జింగు కలిపితే తెల్లవారుజామున చలికి లేవాల్సిందే. అందుకే మొదటి ట్రిప్‌కి కరెంటు కనెక్షన్ ఉన్న చోటే తీసుకోండి. లిథియం బ్యాటరీ అయితే చాలావరకు వాడుకోవచ్చు, కానీ గడ్డకట్టే చలిలో దాన్ని చార్జి చేయకూడదు.

వారం ముందు: సర్దడం

సూట్‌కేసులు తీసుకెళ్లొద్దు, ఖాళీ అయ్యాక వాటిని పెట్టే చోటుండదు. మనిషికొక మెత్తటి సంచి, అందులో పట్టినన్నే బట్టలు. బరువైనవి కింద, వీలైనంత ముందుకి. తేలికవి పై అరల్లో. అరల తలుపులు ఒకసారి చేత్తో గుద్ది చూడండి, తెరుచుకుంటే గొళ్లెం మార్చండి. గాజు సామాను ఇంట్లోనే వదిలేయండి.

వంటకి ఒక గిన్నెలో అయిపోయేవే పెట్టుకోండి. కూరగాయలు ఇంట్లోనే తరిగి డబ్బాల్లో వేసుకుంటే అక్కడ నీళ్లూ, చెత్తా, చోటూ మూడూ మిగులుతాయి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ చల్లబడటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ముందు రోజే ఆన్ చేసి, చల్లటి పదార్థాలే పెట్టండి.

పనిముట్లలో మర్చిపోకూడనివి: జాకీ కింద చెక్కలు, చక్రం కింద వేసే పలకలు, స్పిరిట్ లెవెల్, ఫ్యూజులు, టేపు, టార్చిలు, మందుల డబ్బా, ఈ బరువుకి సరిపడే ట్రక్ జాకీ. ట్రక్కుతో వచ్చిన జాకీ క్యాంపర్‌తో సహా చక్రం లేపుతుందో లేదో ఇంటి దగ్గరే ఒకసారి చూడండి. స్టెప్నీ తొట్టి కింద ఉంటే, క్యాంపర్ ఎక్కాక దాన్ని దించే రంధ్రం అందుతోందా అన్నదీ.

ఇంటి ముందు ఒక రాత్రి

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. బయల్దేరే ముందు వారాంతంలో క్యాంపర్‌ని ట్రక్ మీదే ఉంచి, ఇంటి ముందు నిలిపి, సాయంత్రం నుంచి ఉదయం దాకా దానిలోనే ఉండండి. వంట అక్కడే, టాయిలెట్ అక్కడే, పడక అక్కడే. ఏదైనా మర్చిపోయినా ఇంట్లోకి పరుగెత్తకుండా కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ అసలైన సామాను జాబితా.

మా కాగితం మీద ఆ రాత్రి పదిహేడు వస్తువులు చేరాయి. మొదటిది డబ్బా మూత తీసే సాధనం, చివరిది చెప్పులు పెట్టుకునే తొట్టె. నలుగురి చెప్పులు తలుపు దగ్గర కుప్ప పడితే అడుగు తీసి అడుగు వేయలేకపోయాం. అంతకంటే పెద్ద సంగతి తెల్లారాక తెలిసింది. కిటికీల మీంచి నీళ్లు ధార కట్టి కారుతున్నాయి, పై పరుపు కింద చెయ్యి పెడితే చెమ్మ. నలుగురి ఊపిరి, వంట ఆవిరి చల్లటి గోడలకి తగిలి నీరవుతుంది. ఎంత చలిగా ఉన్నా కప్పు మీది బిలం రెండు వేళ్లంత, దానికి ఎదురుగా ఒక కిటికీ అంతే తెరిచి ఉంచాలి. పరుపు కింద గాలాడే జాలీ పరుపు వేయాలి. ఇంటి ముందు తెలిసింది కాబట్టి ఒక తువ్వాలుతో పోయింది.

పిల్లల నిద్రకి కూడా ఈ రాత్రి అవసరం. కొత్త చోట మొదటి రాత్రి ఎవరూ సరిగా పడుకోరు. ఆ రాత్రేదో ఇంటి ముందే అయిపోతే, ప్రయాణంలో వాళ్లకి అది తెలిసిన పడక.

ఎక్కడికి, ఎంత దూరం

రెండు మూడు గంటల్లో చేరే చోటు, అక్కడే రెండు రాత్రులు. రోజుకో ఊరు తిరిగే ఆలోచన మూడో ట్రిప్‌కి దాచుకోండి. ప్రతి మకాం మార్పుకీ పక్కలు ఎత్తాలి, బల్ల లేపాలి, అన్నీ కట్టాలి. నీళ్లు, కరెంటు, టాయిలెట్ ఖాళీ చేసే చోటు ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకోండి. దారిని ఎత్తూ బరువూ పరిమితులు చూపించే మ్యాప్‌లో ఒకసారి చూసుకోండి. మామూలు ఫోన్ మ్యాపు మీరు కారులో ఉన్నారనే అనుకుంటుంది.

బయల్దేరే ఉదయం, దారిలో

ఒకే మనిషి, బండి చుట్టూ ఒకే దిశలో నడుస్తూ, చేత్తో ముట్టుకుంటూ చూడాలి. కప్పు బిలాలు మూసి ఉన్నాయా, మెట్లు లోపలికి మడిచారా, నాలుగు జాకీలూ పైకి ఉన్నాయా, కొక్కేలు బిగుతుగా ఉన్నాయా, కరెంటు తీగా నీళ్ల గొట్టమూ ఊడదీశారా, గ్యాస్ సిలిండర్ కట్టేశారా, ఫ్రిజ్ గొళ్లెం పడిందా, తలుపు తాళం వేశారా. మధ్యలో ఎవరైనా పిలిచి మాట్లాడించారంటే మళ్లీ మొదటి నుంచి. మర్చిపోవడం జరిగేది సరిగ్గా అక్కడే.

మొదటి 50 కిలోమీటర్లలోపే ఒకసారి ఆపి కొక్కేలు చూడండి. క్యాంపర్ సర్దుకుని కూర్చుంటుంది కాబట్టి ఏదో ఒకటి తప్పకుండా వదులవుతుంది. నాలుగు టైర్లనీ అరచేత్తో తాకండి, ఒకటి మిగతావాటికంటే బాగా వేడెక్కితే గాలి తగ్గినట్టో బ్రేకు పట్టేసినట్టో. ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా ఇదే పని.

పైన బరువున్న బండి మలుపులో బయటికి ఒరుగుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు వేయకూడదు. ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది, ముందు బండికి మామూలు కంటే రెట్టింపు ఎడం ఇవ్వండి. పెద్ద లారీ దాటినప్పుడు, వంతెన మీద పక్కగాలి కొట్టినప్పుడు ఒక్క ఊపు వస్తుంది. స్టీరింగ్‌ని గట్టిగా తిప్పకుండా నిదానంగా పట్టుకుంటే అదే సర్దుకుంటుంది. దిగుడు రోడ్డులో చిన్న గేరులో దిగండి. పెట్రోలు బంకుల్లో కప్పు ఎత్తు చూసుకుని దూరండి, దూరే ముందు గ్యాస్ కట్టేసే ఉందో లేదో మళ్లీ చూడండి. చెట్ల కొమ్మలు వంతెనల కంటే మోసం చేస్తాయి, వాటి మీద బోర్డుండదు. సందేహమొస్తే ఒకరు దిగి చూడాలి.

మొదటి సాయంత్రం

చీకటి పడక ముందు, కనీసం రెండు గంటల ముందు చేరండి. స్పిరిట్ లెవెల్ పెట్టి చక్రాల కింద పలకలు వేసి బండిని సమం చేయండి. గ్యాస్ ఫ్రిజ్ వాలుగా ఉంటే సరిగా పనిచేయదు, పాడవుతుంది కూడా. తల కిందికి వాలితే నిద్రా పట్టదు. తర్వాత కరెంటు, నీళ్లు, గ్యాస్, అదే వరసలో.

ఈ పని జరుగుతున్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరు పిల్లల్ని తీసుకుని నడకకి వెళ్లిపోవాలి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో ఆ సాయంత్రం హాయిగా గడవడానికి ఇంతకంటే పెద్ద ఉపాయం లేదు. మూడు గంటలు సీటుకి కట్టేసి ఉన్న పిల్లలు, బండి కింద పలకలు జరుపుతున్న మనిషి ఒకే చోట ఉండకూడదు. రాత్రి పక్కలు వేసేటప్పుడూ అంతే: ఒకరు లోపల, మిగతావాళ్లు బయట.

మొదటి రోజు వంట ఇంటి నుంచి తెచ్చినది వేడి చేసుకోండి, చాలు. వాన పడితే నలుగురూ ఆ చిన్న బల్ల చుట్టూ మూడు నాలుగు గంటలు గడపాలి. పేకముక్కలు, బొమ్మలు గీసే కాగితాలు చేతికందేలా ఉంచండి.

ఇల్లు చేరాక

అలసటగా ఉన్నా అదే రోజు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ట్యాంకులన్నీ ఖాళీ చేసి, గ్యాస్ కట్టేసి, పరుపులు నిలబెట్టి, కిటికీలు తెరిచి ఆరనివ్వండి. కప్పు లోపలి మూలలు చేత్తో తడిమి చూడండి, మెత్తగా తగిలితే వాన నీరు దూరుతోందని. సామాను దించేటప్పుడు రెండు కుప్పలు పెట్టండి: వాడినవి, అసలు ముట్టుకోనివి. మందులు, పనిముట్లు తప్ప రెండో కుప్ప వచ్చేసారి ఇంట్లోనే. ఫ్రిజ్ తుడిచి, తలుపు మూసుకోకుండా ఒక తువ్వాలు మడిచి అడ్డం పెట్టండి, లేకపోతే వారంలో బూజు పడుతుంది.